మొదటి వారం మాటలతో ఆల్బమ్‌ను తూచలేం

ఇండియన్ ఓషన్ బృందం 2014లో 'తండాను' ఆల్బమ్ విడుదల చేసింది. ఆ తర్వాతి ఆల్బమ్ 'తూ హై' వచ్చింది 2023లో. మధ్యలో తొమ్మిదేళ్ళు. సినిమా అండ లేకుండా సొంత పాటలతో మూడు దశాబ్దాలకు పైగా నిలబడ్డ సంగీత బృందాలు మన దేశంలో చాలా తక్కువ. 1990లో ఢిల్లీలో మొదలైన ఈ బృందం వాటిలో ఒకటి. వీరిది ఇండీ పాప్ అనాలా, ఫ్యూజన్ రాక్ అనాలా అన్న పేచీ ఎప్పుడూ ఉన్నదే. నా లెక్కలో అది క్యాసెట్ కొట్టువాళ్ళకు అవసరమైన పేచీ తప్ప వినేవాళ్ళకు కాదు.

ఇలాంటి బృందం చాలాకాలానికి ఒక ఆల్బమ్‌తో తిరిగివస్తే మొదటి వారంలో రెండు రకాల మాటలే గట్టిగా వినిపిస్తాయి. ఒకటి, "అబ్బ, మళ్ళీ పాతరోజులు తెచ్చారు" అని. రెండోది, "వీళ్ళ పని అయిపోయింది" అని. ఏళ్ళ తరబడి చేసిన పని మీద నలభై నిమిషాల్లో తేలే ఈ తీర్పుల్లో ఆల్బమ్ గురించిన సమాచారం ఎంత, వినేవారి గురించిన సమాచారం ఎంత? నా అభిప్రాయంలో రెండోదే ఎక్కువ. ఇది నా ఊహ మాత్రమే కాదు. మనస్తత్వ శాస్త్రం, నాడీశాస్త్రం, గణాంకశాస్త్రం ఈ ప్రశ్న మీద గట్టి పనే చేశాయి.

జంషెడ్‌పూర్‌లో ఈ మాట చెప్పడం ఒక రకంగా సులువు. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో నమూనా అంటే ఏమిటో తెలియనివారు తక్కువ. కరిగిన ఉక్కు మీద స్లాగ్ తేలుతూ ఉంటుంది. అది ఉక్కుకన్నా తేలిక, కంటికి కనబడేది మొదట అదే. ఉక్కులో కార్బన్ ఎంత, భాస్వరం ఎంత అని తేల్చాలంటే ఆ పైపొరను గరిటెతో తీసి ల్యాబ్‌కు పంపరు. గొట్టాన్ని స్లాగ్ దాటించి లోపలికి దించి, అక్కడి లోహాన్ని తీస్తారు. పైన తేలేదాన్ని చూసి హీట్ మొత్తానికి తీర్పు చెప్పేవాడిని షాపులో ఎవరూ రెండోసారి అడగరు.

పాటల విషయంలో మాత్రం మనం చేస్తున్నది అచ్చంగా అదే.

నాన్ హూ, పాల్ పావ్లూ, జీ జాంగ్ అనే పరిశోధకులు ఇంటర్నెట్‌లో అమ్మే వస్తువులకు కొనుగోలుదారులు ఇచ్చే రేటింగులను పరిశీలించారు. చాలా వస్తువులకు అయిదు నక్షత్రాలు ఇచ్చినవారు ఎక్కువ, ఒక నక్షత్రం ఇచ్చినవారు కొంతమంది, మధ్యలో దాదాపు ఖాళీ. అంటే సగటు తీస్తే వచ్చే సంఖ్య నిజానికి ఎవరి అభిప్రాయమూ కాదు. తర్వాత వారు ఒక సంగీత సీడీని తీసుకుని కొందరు విద్యార్థుల చేత వినిపించి, అందరినీ తప్పనిసరిగా మార్కులు వేయమన్నారు. ఈసారి మధ్యలో ఖాళీ లేదు. ఎక్కువమంది మధ్యస్థంగానే వేశారు. సీడీ అదే, పాటలు అవే. మారినది ఒక్కటే: మాట్లాడేవారు తమంతట తాము ముందుకు వచ్చారా, లేక అందరినీ అడిగామా అన్నది. బాగా నచ్చినవారు, ఒళ్ళు మండినవారు తమంతట తాము రాస్తారు. "పరవాలేదు, రెండు పాటలు బాగున్నాయి" అనుకున్నవారు ఫోన్ పక్కన పెట్టి వంటింట్లోకి పోతారు. ఆల్బమ్‌కు అసలైన శ్రోతలు వీళ్ళే, సంఖ్యలోనూ వీళ్ళే ఎక్కువ. లెక్కలోకి మాత్రం రారు.

అలా ముందుకొచ్చినవారి మాటలైనా ఎవరికి వారు చెప్పినవేనా అంటే అదీ కాదు. దీనిమీద నాకు ఎంతో ఇష్టమైన ప్రయోగం ఒకటుంది. కొలంబియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ సల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ కలిసి చేసి 2006లో 'సైన్స్' పత్రికలో ప్రచురించారు. ఎవరికీ తెలియని బృందాలు పాడిన 48 పాటలను ఒక వెబ్‌సైట్‌లో పెట్టారు. 14,341 మంది వచ్చి విన్నారు, మార్కులు వేశారు, నచ్చినవాటిని డౌన్‌లోడ్ చేసుకున్నారు. వీరిలో కొందరికి పాటల పేర్లు మాత్రమే కనిపించాయి. మిగిలినవారిని ఒకరి సంగతి ఒకరికి తెలియని ఎనిమిది లోకాలుగా విడదీశారు. ఒక్కో లోకంలోనూ అంతకుముందు వచ్చినవారు ఏ పాటను ఎన్నిసార్లు తీసుకున్నారో కనిపించేది.

ఒక మంచి పాట నిజంగానే మంచిదైతే ఎనిమిది లోకాల్లోనూ పైకి రావాలి కదా? అలా జరగలేదు. ఇతరుల ఎంపిక తెలియని గుంపులో 26వ స్థానంలో ఉన్న ఒక పాట, ఒక లోకంలో మొదటి స్థానానికి ఎక్కింది. మరో లోకంలో 40వ స్థానానికి దిగింది. మొదట్లో ఎవరో నలుగురు దాన్ని ఎంచుకోవడం, ఎంచుకోకపోవడం తర్వాతి వేలమంది అభిరుచిని నడిపించింది. అయితే పరిశోధకులు ఇంకో మాట కూడా చెప్పారు, దాన్ని మరిచిపోకూడదు. బాగా నచ్చిన పాటలు అట్టడుగుకు పోవడం అరుదు, బాగా నచ్చనివి పైకి రావడమూ అరుదు. ఆ మధ్యలో ఉన్నవాటికి మాత్రం ఏమైనా జరగవచ్చు. కాబట్టి శ్రోతలకు అభిరుచి లేదనడం తప్పు. అభిరుచి ఉంది. కాని దాని గొంతు చిన్నది, పక్కవాడి గొంతు పెద్దది.

అదే పరిశోధకుల్లో ఇద్దరు తర్వాత ఇంకాస్త అల్లరి పని చేశారు. లెక్కలను తలకిందులు చేసి, ఎవరికీ నచ్చని పాటే అందరికీ నచ్చినట్టు చూపించారు. చాలా పాటల విషయంలో అబద్ధం కాస్తా నిజమై కూర్చుంది. అన్నిటికన్నా నచ్చిన ఒకటి రెండు పాటలు మాత్రం కాలం గడిచేకొద్దీ మెల్లగా పైకి లేచాయి. మొత్తం మీద డౌన్‌లోడ్‌లు మాత్రం తగ్గాయి. తప్పుదారి పట్టించిన జనం చివరికి సంగీతం మీదే ఆసక్తి కొంత పోగొట్టుకున్నారన్నమాట.

2013లో లెవ్ ముచ్నిక్, సినాన్ అరల్, షాన్ టేలర్ ఇంకో దారిలో వెళ్ళారు. వార్తల మీద చర్చ జరిగే ఒక వెబ్‌సైట్‌లో లక్షకు పైగా వ్యాఖ్యలను తీసుకుని, వాటిలో కొన్నిటికి యాదృచ్ఛికంగా ఒక్క మెచ్చుకోలు ఓటు వేశారు. ఒక్కటే. ఆ వ్యాఖ్యలకు చివరికి వచ్చిన మార్కులు సగటున 25 శాతం పెరిగాయి. యాదృచ్ఛికంగా వేసిన వ్యతిరేక ఓటును మాత్రం తర్వాత వచ్చినవారు సరిదిద్దేశారు. పొగడ్త అంటుకున్నంత తేలికగా తెగడ్త అంటుకోలేదు. అభిమాన సంఘాల గురించి తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యం ఉండదనుకుంటాను.

ఇక మన తల లోపల జరిగేది చూద్దాం. తిరిగివచ్చిన బృందానికీ కొత్త బృందానికీ తేడా అక్కడే ఉంది.

కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో వాలరీ సలింపూర్, రాబర్ట్ జటోర్ బృందం 2011లో ఒక సంగతి తేల్చింది. ఇష్టమైన పాట వింటూ ఒళ్ళు జలదరించే క్షణంలో మెదడులోని న్యూక్లియస్ అకంబెన్స్ అనే చోట డోపమైన్ విడుదలవుతుంది. ఆ క్షణం రాబోతోందని ఎదురుచూసే కొన్ని సెకన్లలో ఇంకో చోట, కాడేట్ న్యూక్లియస్‌లో, విడుదలవుతుంది. అంటే ఆనందంలో ఒక వాటా పాటది, ఒక వాటా ఎదురుచూపుది. ఎదురుచూడాలంటే పాట ముందే తెలిసి ఉండాలి. పాతికేళ్ళుగా విన్న 'కందిసా'లో ఏ మలుపు ఎక్కడ వస్తుందో మెదడుకు తెలుసు. నిన్న విడుదలైన పాటలో తెలియదు. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి "పాతదాంట్లో ఉన్న మజా దీంట్లో లేదు" అంటే, ఆ మాటలో నిజం ఉంది. ఆ తేడాకు కారణం పాడినవారు కారు, అంతే. పాతికేళ్ళ వినికిడిని ఒక్కసారి వినడంతో పోల్చాం.

పదేపదే ఎదురైన దాని మీద ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జయాంక్ 1968లోనే చూపించారు. అది కూడా ఒక హద్దు వరకే. ఆ తర్వాత విసుగు మొదలవుతుంది. కొంత అల్లిక ఉన్న సంగీతానికి ఆ ఇష్టం పెరగడానికే ఎక్కువ సమయం కావాలి. ఒక్క వినడంలో నచ్చేది ఒక్కోసారి పది వినడాల్లో అరిగిపోయేదీ అవుతుంది.

ఇంకో చిత్రమైన విషయం. జర్మనీలోని లైప్‌జిగ్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన విన్సెంట్ చుంగ్ బృందం, అమెరికా బిల్‌బోర్డ్ జాబితాకెక్కిన 745 పాటల్లోని 80,000 కార్డ్‌లను, అంటే ఒకేసారి పలికే స్వరాల గుత్తులను, కంప్యూటర్ నమూనాతో విశ్లేషించి 2019లో ఫలితాలు ప్రచురించింది. తర్వాత ఏం వస్తుందో మనకు గట్టి నమ్మకం ఉన్నప్పుడు, ఆ నమ్మకం తప్పితే ఆనందం. ఏం వస్తుందో అంతుపట్టని స్థితిలో ఉన్నప్పుడు, ఊహించినట్టే వస్తే ఆనందం. వాళ్ళు లెక్కించింది స్వరాలను. బృందాల జీవితాలకు దాన్ని పొడిగించడం నా సొంత సాహసం. అయినా అంటాను. తిరిగివచ్చిన బృందం నుంచి పాత అభిమానికి కావలసింది తెలిసిన ఇంట్లో తెలియని గది. బృందాన్ని ఎన్నడూ విననివాడికి ప్రతి గదీ తెలియనిదే, అతనికి కావలసింది ఒక తెలిసిన గుమ్మం. ఒకే ఆల్బమ్ ఇద్దరినీ మొదటి వారంలోనే మెప్పించడం కష్టం. ఇద్దరి రేటింగులూ కలిపి సగటు తీయడం అర్థం లేని పని.

వయసు సంగతి చెప్పకుండా ఈ చర్చ పూర్తికాదు. పదిహేను నుంచి పాతికేళ్ళ మధ్య విన్న పాటలు జీవితమంతా ప్రత్యేకంగా గుర్తుండిపోతాయని పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో క్యారల్ క్రుమ్‌హాన్సల్ 2013లో దీనికి ఒక మలుపు కలిపారు. ఇరవై ఏళ్ళ విద్యార్థులకు 1955 నుంచి 2009 వరకు వచ్చిన ప్రసిద్ధ పాటలు వినిపిస్తే, తమ కాలం పాటలతో పాటు, తల్లిదండ్రుల యవ్వనకాలంలో వచ్చిన పాటలతోనూ వారికి బలమైన అనుబంధం కనిపించింది. తాతల కాలం వైపు కూడా చిన్న ఎత్తు ఒకటి కనబడింది. జంషెడ్‌పూర్ తెలుగు ఇళ్ళలో దీన్ని రుజువు చేయనక్కర్లేదు. ఘంటసాల 1974లో మరణించారు. ఆయన పాటలు పూర్తిగా వచ్చిన పిల్లలు కద్మాలో, బిష్టుపూర్‌లో ఇప్పటికీ దొరుకుతారు. వీళ్ళలో తెలుగు చదవడం రానివారూ ఉన్నారు. (కార్నెల్ అనగానే గుర్తొచ్చింది: ఇండియన్ ఓషన్‌లో బేస్ గిటార్ వాయించే రాహుల్ రామ్ పర్యావరణ విషశాస్త్రంలో పీహెచ్‌డీ చేసింది అక్కడే. ఆయన తండ్రి ప్రసిద్ధ వృక్షశాస్త్రవేత్త హెచ్.వై. మోహన్‌రామ్.)

ఊరి అభిమానం కూడా ఇలాంటి బరువే. గాయని శిల్పా రావు ఇక్కడి తెలుగు కుటుంబంలో పుట్టారు. 'జవాన్' సినిమా పాటకు ఆమెకు జాతీయ పురస్కారం ప్రకటించినప్పుడు ఈ ఊళ్ళో ఆ పాటకు తక్కువ మార్కులు వేసేవాడు దొరికితే నేను అతని శాస్త్రీయ దృక్పథానికి నమస్కారం పెడతాను. నేనైతే వేయలేను.

ఇండియన్ ఓషన్ విషయంలో ఇంకో బరువు ఉంది. వ్యవస్థాపక సభ్యుడు, గాయకుడు, తబలా వాద్యకారుడు అశీమ్ చక్రవర్తి 2009 డిసెంబరు 25న మరణించారు. మరో వ్యవస్థాపకుడు, గిటారిస్టు సుస్మిత్ సేన్ 2013లో బృందం విడిచి వెళ్ళారు. 'తూ హై' విన్న ఒక రిటైర్డ్ పెద్దాయన నాతో అన్న మాట ఇది: "అన్నీ బాగానే ఉన్నాయి బాబూ, ఆ గొంతు ఏదీ?" దీన్ని పక్షపాతం అని కొట్టిపారేయడానికి నాకు మనసు రాదు. ఆయన చెప్పింది నిజమైన పరిశీలన. అయితే అది ఒక మనిషి లేకపోవడం గురించిన పరిశీలన, ఉన్న పాటల గురించి కాదు. నక్షత్రాలు వేసే పెట్టెలో ఈ రెండూ ఒకే గడిలో పడతాయి. నా ఫిర్యాదల్లా ఆ గడి మీద.

గణాంకశాస్త్రం నుంచి ఇంకొక్క మాట. ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో తల్లిదండ్రుల ఎత్తు, పిల్లల ఎత్తు పోల్చి చూశాడు. బాగా పొడవైనవారి పిల్లలు పొడవే, కాని సగటున తల్లిదండ్రులంత కాదు. దీన్ని సగటు వైపు మళ్ళడం అంటారు. ఒక గొప్ప ఆల్బమ్‌లో ప్రతిభ ఉంటుంది, కొంత అదృష్టమూ ఉంటుంది. సరైన కాలం, సరైన గొంతులు, ఆ రోజు స్టూడియోలో కుదిరిన ఊపు. మనం ఒక బృందానికి అభిమానులం అయ్యేదే ఈ రెండూ కలిసొచ్చిన ఆల్బమ్ వల్ల. తర్వాతి ఆల్బమ్‌కు ప్రతిభ మిగులుతుంది, అదృష్టం మళ్ళీ వస్తుందన్న హామీ లేదు. కాబట్టి అది కాస్త తక్కువగా అనిపించడం పతనానికి సాక్ష్యం కాదు, లెక్క ప్రకారం జరగవలసిందే. పైగా పాత ఆల్బమ్‌లోని బలహీనమైన పాటలను మనం ఎప్పుడో మరిచిపోయాం. కొత్త ఆల్బమ్‌లోనివి ఇంకా మన కళ్ళముందే ఉన్నాయి.

ఇంతకీ ఎవరేమనుకుంటే ఏం, నచ్చినవాడు వింటాడు, లేనివాడు మానేస్తాడు అని సర్దుకుపోవచ్చా? పదిహేనేళ్ళ క్రితమైతే కొంతవరకు సర్దుకుపోయేవాణ్ణి. ఇప్పుడు మొదటి వారం మాటలు నేరుగా డబ్బుగా, కనబడటంగా మారుతున్నాయి. స్పాటిఫైలో ఒక పాటను 30 సెకన్లు వింటేనే ఒక వినికిడిగా లెక్క. 2024 నుంచి ఆ వేదికలో ఒక పాటకు పన్నెండు నెలల్లో కనీసం 1,000 వినికిడులు లేకపోతే రాయల్టీయే లెక్కించరు. పేరున్న బృందానికి వెయ్యి ఒక లెక్క కాదు. మన రాంచీలోనో, విజయవాడలోనో అయిదేళ్ళ తర్వాత మళ్ళీ కూడి నాలుగు పాటలు రికార్డు చేసుకున్న కుర్రాళ్ళకు అదే గోడ. మొదటి పదిమంది శ్రోతలు ఏం అన్నారన్నది వాళ్ళను ఆ గోడకు ఏ వైపు ఉంచుతుందో సల్గానిక్ ప్రయోగం చూసినవారు ఊహించగలరు. మెల్లగా నచ్చే పాటకు ఈ ఏర్పాటులో చోటు బాగా తక్కువ. ఆలాపనతో మొదలై రెండో నిమిషంలో ఊపందుకునే పాటను 28వ సెకనులో దాటేస్తే ఎవరూ విననట్టే.

దీనికి మందు లేకపోలేదు. విడుదలైన మొదటి నెల పాట పక్కన వినికిడుల సంఖ్య చూపించకుండా ఉంచవచ్చు. ఇది అసాధ్యమైన కోరిక కాదు. యూట్యూబ్ 2021 నవంబరు నుంచి వ్యతిరేక ఓట్ల సంఖ్యను అందరికీ కనబడకుండా తీసేసింది. ఇన్‌స్టాగ్రామ్‌లో అదే ఏడాది నుంచి లైకుల సంఖ్యను దాచుకునే వీలు వచ్చింది. కంపెనీలు వాటి కారణాలతో చేశాయి, సరే; చేయవచ్చని మాత్రం తేలింది. కొత్త పాటలకు కూడా చేయమని కళాకారుల సంఘాలు అడగాలి. రేడియోవాళ్ళు, పత్రికలవాళ్ళు విడుదల రోజు సమీక్షతో పాటు మూడు నెలల తర్వాత ఇంకో సమీక్ష వేయవచ్చు. రెండిటికీ తేడా వస్తే ఆ తేడాయే పాఠకుడికి ఆసక్తికరమైన వార్త.

ఇక ఇంట్లో మీరే చేసి చూడగలిగినది ఒకటి ఉంది. ఒక బృందం పాతపాటలు, కొత్తపాటలు కలిపి, అవి రెండూ విననివారిని ఎవరినైనా కూర్చోబెట్టండి. మేనకోడలో, పక్కింటి అబ్బాయో. ఏది ఎప్పటిదో చెప్పకండి. వరుసను చీటీలు తీసి నిర్ణయించండి. శబ్దం స్థాయి అన్నిటికీ సమానంగా ఉంచండి, ఎందుకంటే కాస్త గట్టిగా వినిపించేది మంచిదిగా తోస్తుంది. ఫోన్ స్పీకరు వద్దు. తక్కువ శబ్దంలో మన చెవికి మంద్ర స్వరాలు సరిగా అందవని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. ఫోన్ స్పీకరు వాటిని అసలే పలికించలేదు. ఇండియన్ ఓషన్ లాంటి బృందంలో సగం నడక బేస్ గిటార్‌దే, అది వినకుండా వేసిన మార్కులకు విలువ లేదు. ప్రతి ఒక్కరినీ విడివిడిగా, కాగితం మీద మార్కులు వేయమనండి. పెద్దగా పైకి చెప్పొద్దనండి. రెండు వారాల తర్వాత అవే పాటలు మళ్ళీ వినిపించి, పాత కాగితం చూపించకుండా ఇంకోసారి వేయించండి. రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, ఏ పాట మెట్టు ఎక్కింది, ఏది దిగింది అన్నది మాత్రమే చూడండి.

'తూ హై' మీద నా అభిప్రాయం అడుగుతారేమో. నా రెండో కాగితం ఇంకా నింపలేదు.